ఆవిరి బండి వెనక ఇరుసు: నూనె చేరని చోటు

[తెర మీద: చెన్నై, పెరంబూరులో ఒక మేడపైన పొద్దుటి ఎండ. పాత వార్తాపత్రిక పరిచిన బల్ల మీద ఆకుపచ్చ ఆవిరి ట్రాక్షన్ ఇంజను (రోడ్డు మీద బరువులు లాగే ఆవిరి బండి) నమూనా, అసలు బండిలో ఆరో వంతు. వెనక చక్రాలు రెండూ గాలిలో ఉన్నాయి.]

నమస్కారం. పోయిన మే నెలలో ఈ బండి ఇదే మేడ మీద మలుపు తిరగనని మొండికేసింది. స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు పక్కకు తిరిగాయి, బండి మాత్రం తిన్నగా వెళ్ళి తులసి కుండీని గుద్దింది. ఇప్పుడు కెమెరా పట్టుకున్న మా మేనల్లుడు "మామయ్యా, స్టీరింగు పాడైంది" అన్నాడు. నేనూ నమ్మి ముందు భాగమంతా విప్పాను. రెండు ఆదివారాలు పోయాయి. తప్పు వెనక ఉంది. డిఫరెన్షియల్‌లో, అంటే మలుపులో వెనక చక్రాలు రెండూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరికలో, ఒక పినియన్ (చిన్న పళ్ళ చక్రం) తాను తిరిగే పిన్నుకు అతుక్కుపోయింది. నేను నూనె వేయక కాదు. ప్రతిసారీ వేశాను, అక్కరలేని చోట వేశాను.

[దగ్గరి దృశ్యం: వెనక ఇరుసు మీది పెద్ద గేరు. దాని ఆకుల మధ్య మూడు చిన్న పినియన్లు.]

ఇది చూడండి. ఇంజను తిప్పేది ఈ పెద్ద గేరును. దీని లోపల మూడు ఏటవాలు పళ్ళ పినియన్లు ఉన్నాయి. వాటికి అటొకటి, ఇటొకటి రెండు పెద్ద ఏటవాలు గేర్లు. ఒకటి ఇరుసుకు కదలకుండా బిగించి ఉంటుంది, దాని బలం అవతలి చక్రానికి వెళుతుంది. రెండోది ఇవతలి చక్రం నడుముకే బిగించి ఉంటుంది. ఈ ఇవతలి చక్రం ఇరుసు మీద వదులుగా తిరుగుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

బండి తిన్నగా వెళ్ళేటప్పుడు పినియన్లు పెద్ద గేరుతో పాటు ఊరేగుతాయి, పల్లకిలో ఉత్సవ విగ్రహాల్లా. తమ పిన్నుల మీద తాము తిరగవు. మలుపు వచ్చినప్పుడే వాటికి పని.

[తెర మీద: సుద్దతో గచ్చు మీద గీసిన రెండు వలయాలు.]

ఎంత పని? నా బండి వెనక చక్రాల మధ్య దూరం 30 సెంటీమీటర్లు. ఒక పూర్తి చుట్టు తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటే 188 సెంటీమీటర్లు ఎక్కువ నడుస్తుంది. వలయం చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. నమ్మకపోతే సుద్దముక్క, దారం తెచ్చుకుని కొలవండి. చక్రం అడ్డుకొలత కూడా 30 సెంటీమీటర్లే కాబట్టి, చుట్టుకు సరిగ్గా రెండు తిరుగుళ్ళ తేడా. పినియన్‌కు పక్క గేరులో సగం పళ్ళుంటే, చుట్టుకు అది తన పిన్ను మీద రెండుసార్లు తిరుగుతుంది. యాభై చుట్లకు వంద. రోడ్డు మీద పోయే పెద్ద బండికి మలుపులు తక్కువ. మేడ మీద బొంగరంలా తిరిగే మన బండికి మలుపులు తప్ప మరేమీ లేవు!

ఈ ఏర్పాటు పెట్రోలు కార్ల కోసం పుట్టిందని చాలామంది అనుకుంటారు. కాదు. 1820ల చివరలో ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకర్ దీన్ని రూపొందించింది ఆవిరి బండి కోసమే. చెన్నైలో ఆవిరి బండి ఏమిటని నవ్వేవాళ్ళకు నేను చెప్పే మాట ఇంకొకటి ఉంది: 1903లో సింప్సన్ కంపెనీకి చెందిన శామ్యూల్ జాన్ గ్రీన్ ఈ ఊళ్ళోనే ఆవిరి కారు తయారు చేశాడు.

[తెర మీద: నాలుగు సీసాలు, ఒక గ్రీజు డబ్బా.]

ఇక ఏ నూనె? నేను చేసిన మొదటి తప్పు ఈ డబ్బా. రెండో నంబరు లిథియం గ్రీజు. నిండా కూరితే నిశ్చింత అనుకున్నాను. నెమ్మదిగా తిరిగే గేర్లలో ఇంత గట్టి గ్రీజు పక్కకు తొలగి అక్కడే నిలబడిపోతుంది, బురదలో బండి చక్రం గాడి పడినట్టు. పళ్ళు ఆ గాడిలో పొడిగా తిరుగుతాయి. పైగా పొయ్యి బూడిద, మేడ మీది ఇసుక అందులో చేరి సానరాయి పని చేస్తాయి. మూసిన పెట్టె ఉన్న బండికైతే జారుగా ఉండే 00 నంబరు గ్రీజు వేరే సంగతి. నాది తెరిచి ఉన్న గేరు.

కుట్టుమిషను నూనె మరీ పలచన, నిలవదు. కొబ్బరి నూనె, ఆముదం వద్దు, నెలల తరబడి ఉంటే జిగురు కడతాయి. మా తాతగారి ఎడ్లబండికి కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి కందెన పెట్టేవారు. అది ఆ చెక్క చక్రానికి, ఆ ఇనుప ఇరుసుకు. ఇరుసు, పిన్నులు తిరిగే ఇత్తడి, కంచు బుష్‌ల (లోపలి గొట్టాల) మధ్య ఆ ప్రయోగం వద్దు.

నేను వాడేది 90 నంబరు గేరు ఆయిల్, జీఎల్-4 రకం. పుదుపేట వైపు స్పేర్ పార్టుల కొట్లలో అడిగితే ముందు జీఎల్-5 చేతిలో పెడతారు. అందులో గంధకం కలిసిన మందులు ఎక్కువ, అవి ఇత్తడి, కంచు లోహాలను తినే అవకాశం ఉంది. సీసా మీద చదివి తీసుకోండి. బయటి పళ్ళకు మాత్రం ఆవిరి సిలిండరుకు వేసే చిక్కటి నూనె పలచగా రాస్తాను. తడి తగిలినా అది పట్టుకుని ఉంటుంది.

[తెర మీద: చేతులు, సూది మొన అరగదీసిన సిరంజి.]

బాయిలరు పూర్తిగా చల్లారాక, ప్రెషరు సున్నా చూశాకే మొదలుపెట్టండి. ముందు చక్రాలకు అడ్డు రాళ్ళు. వెనక రెండు చక్రాలను కలిపి బిగించే పిన్ను మీ బండికి ఉంటే తీసేయండి. పాత మురికిని కిరసనాయిలు అద్దిన కుంచెతో తుడవండి. నూనె సీసాను అరగంట ఎండలో ఉంచండి. చెన్నై ఎండ మనకు ఇచ్చే ఉచిత సాయం ఇది, నూనె సిరంజిలోకి సులువుగా ఎక్కుతుంది.

ఇప్పుడు అసలు పని. పినియన్ పిన్ను దగ్గర చిన్న రంధ్రం ఉంది, చూశారా? పెద్ద గేరును తిప్పి ఈ రంధ్రాన్ని పైకి తెచ్చాను. రెండు చుక్కలు, అంతే. పెద్ద గేరు కదలకుండా ఇంజను ఫ్లైవీలును మేనల్లుడు పట్టుకుంటాడు.

"పట్టుకున్నాను మామయ్యా, కెమెరా మాత్రం స్టాండు మీద పెట్టాను."

మంచిది. ఇవతలి చక్రాన్ని చేత్తో తిప్పుతున్నాను. అవతలిది వెనక్కి తిరుగుతోంది కదా? అంటే పినియన్ తన పిన్ను మీద తిరుగుతోంది, నూనెను లోపలికి లాక్కుంటోంది. పది తిరుగుళ్ళు. ఇది చేయకపోతే వేసిన చుక్కలు బండి తిన్నగా వెళ్ళినంతసేపూ బయటే ఉండి, చివరికి గచ్చు మీద పడతాయి. నేను రెండేళ్ళు చేసిన పొరపాటు ఇదే. రెండో పినియన్‌ను పైకి తెచ్చి మళ్ళీ. మూడోదీ అలాగే. తిప్పుతున్నప్పుడు వేలికి ఇసుక రాసినట్టు తగిలితే ఆగి విప్పాల్సిందే, ఇంకాస్త నూనె దాన్ని బాగుచేయదు.

ఇందాక గుర్తుంచుకోమన్నాను కదా, వదులుగా తిరిగే ఇవతలి చక్రం. దాని నడుములోని రంధ్రంలో మూడు చుక్కలు. ఇది కూడా మలుపులోనే ఇరుసు మీద రాసుకుంటుంది, కాబట్టి దీన్నీ అందరూ మరిచిపోతారు. అవతలి చక్రం ఇరుసుకు బిగించి ఉంది, అక్కడ అక్కరలేదు. ఇరుసు బేరింగులకు మామూలుగా వేయండి.

సూపర్ సెంటినెల్ అనే ఆవిరి లారీ నమూనా చేసినవారు డిఫరెన్షియల్ కోసం వెనక ఇరుసులో వెతకకండి. 1923 నాటి ఆ లారీలో అది ఇంజను తిప్పే ఇరుసులోనే (క్రాంక్‌షాఫ్టులోనే) ఉంటుంది.

[తెర మీద: తెల్ల గుడ్డ మీద రెండు మరకలు.]

ప్రతి పరుగు తర్వాత నూనెను ఇలా గుడ్డ మీద చూడండి. పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు చేరాయి, తుడిచి కొత్తది వేయండి. ఎండలో పట్టి చూస్తే బంగారు రజను మెరుస్తోందా? అది మీ కంచు బుష్. నా పాత గుడ్డ ఇది, చూడండి, నగల కొట్లో నేల తుడిచినట్టు ఉంది.

సరే, పొయ్యి వెలిగిస్తున్నాను. ఒరేయ్, ఆ తులసి కుండీని కాస్త పక్కకు జరుపు.