డెల్టా వాళ్ళకి రోజులు ఎక్కువున్న ట్రెక్కే మంచిది

(అమలాపురంలో వాకింగ్ చేసే మిత్రులు, కాలేజీ పిల్లల ముందు మాట్లాడిన పాఠం)

అందరికీ నమస్కారమండి. ముందు వరసల్లో కుర్రాళ్ళు, వెనకాల రోజూ కాలవగట్టు మీద నడిచే పెద్దోళ్ళు కనిపిస్తున్నారు, ఇద్దరికీ పనికొచ్చేలా చెప్తాను. ప్రపంచంలో మంచి ట్రెక్కింగ్ ప్లేసులు ఏవో చెప్పమని పిలిచారు. చెప్తానండి, కానీ ముందు ఒక మాట. మనది సముద్రమట్టానికి పది మీటర్ల ఎత్తు కూడా లేని నేల, కాబట్టి ట్రెక్ ఎంచుకునేటప్పుడు పేరు చూడకండి, ఫోటోలు చూడకండి, ఎన్ని రోజులు పెట్టారో చూడండి. ఒకే రూటుకి రెండు ప్యాకేజీలుంటే రోజులు ఎక్కువున్నదే తీసుకోండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ సంగతే చూద్దాం, ఎక్కడికెళ్ళినా నన్ను అందరూ అడిగేది అదే. చిన్న విమానం మిమ్మల్ని నేపాల్ కొండల్లో లుక్లా అనే ఊళ్ళో దింపుద్ది, అదే 2,860 మీటర్లు, అంటే మొన్న రాత్రి ఇంట్లో ఫ్యాన్ కింద పడుకున్న మనిషి ఇవాళ అక్కడున్నాడన్నమాట. అక్కణ్ణించి నామ్చే బజార్ 3,440, టెంగ్‌బోచే 3,860, డింగ్‌బోచే 4,410, లోబుచే 4,940, గోరక్‌షెప్ 5,164, ఆఖర్న బేస్ క్యాంప్ 5,364. మంచి ప్లాన్‌లో నామ్చేలో రెండు రాత్రులు, డింగ్‌బోచేలో రెండు రాత్రులు ఉంటాయి. దాన్ని రెస్ట్ డే అంటారు గానీ పడుకోవడం కాదండి, పొద్దున్నే ఇంకొంచెం పైకెక్కి, కాసేపు ఉండి, మళ్ళీ దిగొచ్చి కిందే పడుకోవడం. తక్కువ రేటుకి తీసుకెళ్తాం అనేవాళ్ళు ముందు కోసేది ఈ రెండు రోజుల్నే, అందుకే డబ్బు కట్టేముందు రోజువారీ ప్లాన్ కాగితం మీద అడిగి తీసుకోండి.

ఎందుకింత పట్టుపడుతున్నానంటే, గాలిలో ఆక్సిజన్ ఇక్కడైనా అక్కడైనా 21 శాతమే, కానీ పైకెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గిపోద్ది, 5,500 మీటర్ల దగ్గరైతే మన దగ్గరున్న దాంట్లో సగమే, అంటే ఒక్కో ఊపిరికి వచ్చే ఆక్సిజన్ కూడా సగమే. ఒళ్ళు ముందు ఊపిరి వేగం పెంచుద్ది, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి క్షారగుణం పెరుగుద్ది, దాన్ని కిడ్నీలు సరిచెయ్యాలి, దానికి రోజులు పడుద్ది. ఎర్ర రక్తకణాలు పెరగాలంటే వారాలు. అందుకే డాక్టర్లు చెప్పే లెక్క ఏంటంటే, 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దు, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగండి అని.

కుర్రాళ్ళూ, ఇది మీకు. కబడ్డీ ఆడతాను, జిమ్‌కెళ్తాను, నాకేం కాదు అనే మాట అక్కడ పనికిరాదు. కండ బలం వేరు, ఎత్తుకి అలవాటు పడటం వేరు, బలం ఉన్నోడు గబగబా ఎక్కేస్తాడు కాబట్టి అతనికే ముప్పు. తలనొప్పి, వికారం, ఆకలి చచ్చిపోవడం వస్తే ఆగిపోండి, గైడ్‌కి చెప్పండి, దాచుకోకండి. తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా, మాట తికమక పడుతున్నా అది ఊపిరితిత్తుల్లో నీరు చేరడమో మెదడు వాపో కావచ్చు, అర్ధరాత్రైనా సరే ఆ మనిషిని వెంటనే కిందకి దించెయ్యాలి. ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడటానికి సాయపడే డయామాక్స్ అనే మాత్ర ఉంది, మీ డాక్టర్ని అడిగే వాడండి, సల్ఫా మందులు పడనోళ్ళు ఆ సంగతి ముందే చెప్పండి.

మాలావత్ పూర్ణ మీకందరికీ తెలుసు, నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, 2014 మే 25న 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది, తనతోపాటు ఖమ్మం వైపు అబ్బాయి ఆనంద్ కుమార్. మనం చప్పట్లు కొట్టింది శిఖరం మీద జెండా చూసి. నాకైతే దాని ముందు జరిగింది గొప్పగా అనిపిస్తది, భువనగిరి బండ మీద ట్రైనింగ్, తర్వాత మంచుకొండల్లో ప్రాక్టీసు, అసలు ఎవరెస్ట్ దగ్గర కూడా వారాల తరబడి పైకీ కిందకీ తిరిగి ఒంటిని సిద్ధం చేసుకోవడం. అంత చురుకైన పిల్లకే అన్ని రోజులు కావాల్సొచ్చింది. ఆఫ్రికాలో కిలిమంజారో 5,895 మీటర్లు, దానికీ ఇదే మాట, ఐదు రోజుల ప్లాన్ వద్దు, లెమోషో రూట్లో ఎనిమిది రోజుల్ది చూడండి.

ఇప్పుడు పెద్దోళ్ళకి. ఎత్తు బెడద లేకుండా రోజుల తరబడి నడిచే దారులు బోలెడున్నాయండి. స్పెయిన్‌లో కామినో అని పాత క్రైస్తవ యాత్రా దారి ఉంది, ఫ్రాన్స్ సరిహద్దు నుంచి శాంటియాగో దాకా 780 కిలోమీటర్ల చిల్లర, అంతా నడవాలంటే నెల పైనే, కానీ ఆఖరి 100 కిలోమీటర్లు నడిచినా యాత్ర చేసినట్టు సర్టిఫికెట్ ఇస్తారు. దారి పొడుగునా సత్రాలు, సత్రం సత్రానికీ పుస్తకంలో ముద్ర. జపాన్‌లో కుమానో కోడో, కీ ద్వీపకల్పం అడవుల్లో గుళ్ళని కలుపుకుంటూ వెళ్ళే పాత దారి, 2004లో యునెస్కో జాబితాలో చేరింది. ఇది నాకు చాలా ఇష్టం, ఎందుకంటే శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమలలో శ్రీశైలం నడిచేవాళ్ళని చూసినోళ్ళకి ఇది పరాయిగా ఉండదు. భక్తితో నడవడం, దారిలో తెలియనోళ్ళ చేతి అన్నం తినడం మనకి అలవాటే కదండి.

టూర్ డు మాంట్ బ్లాంక్ కూడా అంతే అందమైంది, ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడు దేశాల్లో కొండ చుట్టూ దాదాపు 170 కిలోమీటర్లు, పది పదకొండు రోజులు. ఎక్కడా 2,700 దాటదు గానీ తేలిక అనుకోకండి, ఎక్కిందంతా కూడితే దాదాపు 10,000 మీటర్లు, ఎవరెస్ట్ ఎత్తు 8,849 మాత్రమే. న్యూజిలాండ్ మిల్‌ఫర్డ్ ట్రాక్ నాలుగు రోజులు, 53.5 కిలోమీటర్లు, బుకింగ్ దొరకడమే కష్టం.

దేశం దాటక్కర్లేదు అనుకుంటే శాండక్‌ఫూ, డార్జిలింగ్ పైన, 3,636 మీటర్లు. ఆకాశం తేటగా ఉంటే ఎవరెస్ట్, కాంచన్‌జంగ, లోత్సే, మకాలూ నాలుగూ కనపడతాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను ఇదే చెప్తాను. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ వాళ్ళ ట్రెక్కులు కూడా మధ్యతరగతి జేబుకి అందుతాయి. వ్యవసాయం ఉన్నోళ్ళకి దాళ్వా కోతలయ్యాక మే నెల ఖాళీ, లేదంటే సార్వా నాట్లయ్యాక అక్టోబర్, అప్పుడు హిమాలయాల్లో ఆకాశం బాగుంటది, కాకపోతే మనకి తుఫాన్ల సీజన్ కూడా అదే కాబట్టి రైలుకీ విమానానికీ మధ్య రెండు రోజులు గ్యాప్ పెట్టుకోండి.

తిండి గురించి భయపడకండి. నేపాల్‌లో దాల్‌భాత్ అంటే పప్పన్నమే, మారు కూడా వడ్డిస్తారు. బ్యాగులో ఆత్రేయపురం మామిడి తాండ్ర పెట్టుకోండి, విరగదు, పాడవదు, చలిలో నడిచేటప్పుడు దానికి మించింది లేదు. పోర్టర్‌కి మాత్రం మీ బరువు తగ్గించండి, అతని బూట్లు, కోటు, రాత్రి పడుకునే చోటు సరిగ్గా ఉన్నాయో లేదో కంపెనీని గట్టిగా అడగండి, మనం అడగకపోతే అతని తరఫున అడిగేవాళ్ళు లేరు.

ప్రాక్టీసుకి కాలవగట్టు చాలదు, అంతా చదునే. మెట్లు కావాలి. అలిపిరి 3,550 మెట్లు వీలైనప్పుడు ఎలాగూ ఎక్కుతారు, దగ్గర్లో అయితే కోరుకొండ నరసింహస్వామి మెట్లు నిటారుగా ఉంటాయి, అక్కడ దిగేటప్పుడు మోకాళ్ళ సంగతి తెలిసిపోద్ది. వచ్చే ఆదివారం తెల్లారుజామునే అక్కడికి వెళ్తున్నాం, వచ్చేవాళ్ళు ఆ టేబుల్ మీద పుస్తకంలో పేరు రాయండి. భుజాన బ్యాగు, అందులో రెండు లీటర్ల నీళ్ళ సీసాలు మూడు పెట్టుకుని రండి, బూట్లు కొత్తవి కొనుంటే అవే వేసుకోండి. ఇప్పుడు అడగాల్సినవి అడగండి, వెనకాల చెయ్యెత్తారు, బాబాయ్ గారు, మీరే చెప్పండి.