నెమళ్లకు నా జొన్నలు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే వాకింగ్ మానేసి మరీ వచ్చి కూర్చున్నారు, సోది లేకుండా చెప్పేస్తాను.

మన హైదరాబాద్ కేబీఆర్‌ను, అంటే కాసు బ్రహ్మానందరెడ్డి వనాన్ని, పార్కు అని పిలవడంతోనే వచ్చింది చిక్కంతా. 1998 నుంచి అది జాతీయ ఉద్యానవనం, అంటే చట్టం లెక్కలో అడవే. 400 ఎకరాలు కూడా లేదు, చుట్టూ బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ట్రాఫిక్. ఇంత చిన్న అడవి పాడవడానికి మన అలవాట్లే చాలు.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. మూడేళ్లు రోజూ జేబులో జొన్నలు వేసుకొచ్చి, ఒక బండ పక్కన నెమళ్లకు చల్లేవాణ్ణి, పుణ్యం అనుకుని. (చీమలకు పంచదార వేసేవాళ్లూ ఉన్నారు, వాళ్ల పుణ్యం వాళ్లది.) కొన్నాళ్లకు అక్కడికి పావురాలు చేరాయి, ఎలుకలు చేరాయి, నన్ను చూసి ఇంకొకాయన బిస్కెట్లు కూడా వెయ్యడంతో కుక్కలూ మరిగాయి. నెమలి చెట్టు మీద గూడు కట్టదండీ, వానాకాలంలో పొద కింద నేల మీదే గుడ్లు పెడుతుంది. ఒకరోజు ఆ బండకు పది అడుగుల్లో పగిలిన పెంకులు కనిపించాయి. కుక్కే తిందని ఒట్టేసి చెప్పలేను, ముంగిస కూడా కావచ్చు, కానీ మర్నాటి నుంచి జేబులో జొన్నలు లేవు.

రెండోది ఎండుటాకులు. 'ఇంత చెత్త, ఊడ్పించరేంటి' అని ఏటా ఎండాకాలం ఎవరో ఒకరు అడుగుతారు. ఓ వాన పడ్డాక మీ ఇంటి వెనక కానుగ చెట్టు కింద ఆకుల్ని కర్రతో పక్కకు తీసి చూడండి, చేత్తో మాత్రం వద్దు, తేలుండొచ్చు. కింద తడి, తెల్లటి బూజు దారాలు, చెదలు, చుట్ట చుట్టుకున్న రోకలిబండ పురుగు. నెమలి కాళ్లతో గీకి ఏరుకునేది ఇలాంటి పురుగుల్నే.

లాంటానా సంగతి వేరు, అది బయటి దేశం నుంచి వచ్చి మన మొక్కల్ని కమ్మేసే పొద, దాన్ని వదలకూడదు. పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది, వేరు మొదట్లోకంటా తవ్వి తియ్యాలి. అలాగని ఒకేసారి పీకేస్తే అందులో దాక్కునే పిట్టలు ఎక్కడికి పోతాయి? కొంత తీసి, ఆ జాగాలో మన నేల మొక్కలు కుదురుకున్నాక ఇంకొంత. ఇది అటవీ శాఖ పని, మనం కత్తులు పట్టుకుని దూరకూడదు, వాళ్లు పిలిస్తే మాత్రం గంటసేపు గడ్డపార పట్టడానికి వెళ్దాం.

రేపు గేటు దగ్గర గింజల సంచీతో ఎవరైనా కనిపిస్తే గొడవ పడకండి, నా బండ సంగతి చెప్పండి.