రెండు కుండీలు, ఒక సీసా

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నా గురించి చెప్పిన మంచిమాటల్లో సగం తీసివేసినా, వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణన్న నిజం మిగులుతుంది. గ్రంథాలయంవారు నాకిచ్చిన అంశం ఏకాగ్రత లోపానికి మూలికావైద్యం కాబట్టి, ఈ రెండు కుండీలు వెంట తెచ్చాను.

ఎడమ కుండీలో ఉన్నది మనం పచ్చడి చేసుకునే సరస్వతి ఆకు. గుండ్రటి ఆకు, అంచున చిన్న చిన్న గంట్లు. నేలమీద పాకుతూ కణుపు కణుపుకూ వేరు వేస్తుంది. కొత్తిమీర కుటుంబానికి చెందినది. కుడి కుండీలోది చిత్తడినేలల్లో పెరిగే నీటి బ్రాహ్మి, అంటే బకోపా. దీని ఆకులు చిన్నవి, దళసరివి, జంటలు జంటలుగా వస్తాయి. ఈ రెండింటికీ చుట్టరికమే లేదు, అయినా ఊరినిబట్టి రెండింటినీ బ్రాహ్మి అనే పిలుస్తారు. కనుక బ్రాహ్మి మీద పరిశోధనలు జరిగాయని ఎవరైనా అంటే, ఏ బ్రాహ్మి అని మొదట అడగండి.

జరిగిన పరిశోధనలు ఎక్కువగా బకోపా మీదే. 2022లో వెలువడిన అధ్యయనంలో 112 మంది మగపిల్లలకు 14 వారాలపాటు కొందరికి బకోపా సారాన్ని, కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్రను ఇచ్చి చూస్తే, నిద్ర వంటి ఒకటి రెండు విషయాల్లో కొంత మేలు కనిపించినా, అసలు పట్టించుకోవలసిన అశ్రద్ధలోనూ అతిచురుకుదనంలోనూ రెండు జట్లకూ చెప్పుకోదగిన తేడా రాలేదు. 2019లో వెలువడిన ఇరాన్ అధ్యయనంలో కుంకుమపువ్వును, ఏకాగ్రత లోపానికి డాక్టర్లు రాసే మిథైల్‌ఫెనిడేట్ మందుతో పోల్చినప్పుడు రెండూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి. అయితే అది 54 మంది పిల్లలతో ఆరు వారాలు నడిచిన చిన్న ప్రయోగం; దాన్ని నమ్ముకుని డాక్టరు రాసిన మందు ఆపడం తగదు.

ఇక్కడ వస గురించి చెప్పకుండా ఉండలేను. ఎడతెగక మాట్లాడేవాణ్ణి వసపిట్ట అంటాం, మాటలు త్వరగా రావాలని పసిపిల్లలకు వసకొమ్ము అరగదీసి నాకిస్తాం. ఆ కొమ్ములో ఉండే బీటా అసరోన్ ఎలుకల్లో కంతులు పుట్టిస్తుందని తేలడంతో అమెరికాలో 1968లోనే ఆహారంలో వస వాడకాన్ని నిషేధించారు. మా అత్తగారు మాత్రం ఆమె మనవడికి నాకించారు, నేను పక్కనే నిలబడి చూశాను.

ఆ మనవడే మా అబ్బాయి. మూడో తరగతిలో బోర్డు మీది లెక్కలో ఒక అంకె దించుకుని, రెండో అంకె కోసం తలెత్తేసరికి వాడి చూపు కిటికీ బయటి కాకి మీద ఉండేది. సగం లెక్కలతో నిండిన ఆ నోటు పుస్తకాలు ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి. నేను జ్ఞాపకశక్తికని అమ్మే ఒక సిరప్ తెచ్చి, రోజుకు రెండు చెంచాల చొప్పున మూడేళ్లు పోశాను. అయ్యా, మొక్కలు తెలిసినవాణ్ణన్న అహంకారమే నాచేత అలా పోయించింది. ఒకరోజు వాడు, “నాన్నా, మందు తాగుతూనే ఉన్నాను కదా, ఇంకా ఎందుకు తిడతావు?” అన్నాడు.

తరువాత చూపించిన పిల్లల మానసిక వైద్యురాలు రక్తపరీక్షతో తేల్చలేదు. లక్షణాలు ఆరు నెలలకు పైగా ఉన్నాయా, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తున్నాయా, పన్నెండేళ్లలోపే మొదలయ్యాయా అని అడిగారు. వినికిడి, చూపు, నిద్ర సరిగ్గా ఉన్నాయో లేదో చూశారు. ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం ఉండే సమస్య అని చెప్పాక నా వైపు తిరిగి, “మీ చిన్నతనం ఎలా గడిచిందండీ?” అని అడిగారు. ఇది వంశంలో నడిచే సమస్య అని నాకు అప్పుడే తెలిసింది. ఆ ప్రశ్నకు నేను చెప్పిన జవాబు మరో ఉపన్యాసమంత ఉంటుంది కనుక వదిలేస్తున్నాను.

తల్లులారా, తండ్రులారా, పచ్చడి మానమని నేననడం లేదు. సీసా సంగతి వేరు. 2004లో వెలువడిన అధ్యయనంలో అమెరికాలోని బాస్టన్ నగర పరిసరాల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసమో పాదరసమో ఆర్సెనికో బయటపడింది. పిల్లల ఏకాగ్రతను దెబ్బతీసే లోహం సీసమే! సారస్వతారిష్టం వంటి అరిష్టాల్లో, అంటే పులియబెట్టి చేసే ఆయుర్వేద ద్రవ మందుల్లో, పులియడంవల్ల పుట్టిన ఆల్కహాల్ ఉంటుందని లేబుల్ మీదే రాసి ఉంటుంది, చదవండి. మందులు వాడుతున్న పెద్దలు దిగులు తగ్గడానికని అమ్మే సెయింట్ జాన్స్ వర్ట్ అనే విదేశీ మూలికను ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే, రక్తం పలచబరిచే మాత్రల నుంచి గర్భనిరోధక మాత్రల దాకా వాటి బలం తగ్గవచ్చు. పైగా 2008లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 54 మంది ఏడీహెచ్‌డీ పిల్లలకు దాన్ని ఎనిమిది వారాలు ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్రకన్నా మేలేమీ కనబడలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో పోస్తున్న సీసా కూడా సంచిలో వేసుకెళ్లండి; నేను ఆ రోజు దాన్ని దాచిపెట్టి వెళ్లాను.

కుండీలు రెండూ గ్రంథాలయంలోనే ఉంచి వెళుతున్నాను. వాటికి పేర్ల చీటీలు అంటించలేదు, ఆకు పట్టుకుని చూసి మీరే అంటించండి.