పానకంలో పుడకలు

శ్రోతలకు నమస్కారం.

మొన్న మా బంధువుల పెళ్ళిలో ఆకులో వేడి జిలేబీ పడిందో లేదో, పక్కన కూర్చున్న మా పెదనాన్న మెల్లగా నా వైపు వంగి, "ఈ నూనె ఎన్నిసార్లు కాగిందో ఏమిటో రా, నీకు షుగర్ బోర్డర్‌లో ఉందన్నావు కదూ" అన్నారు. అంతే, చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఇలాంటివాళ్ళని మనం పానకంలో పుడక అంటాం. మరి ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు ఏమంటారో చూద్దామని ఇంటికొచ్చి నిఘంటువులు తిరగేస్తే పెద్ద బంధువర్గమే బయటపడింది.

ముందు ఇంగ్లీషు సంగతి. కిల్‌జాయ్ అంటే సంతోషాన్ని చంపేవాడు, స్పాయిల్‌స్పోర్ట్ అంటే ఆట చెడగొట్టేవాడు. రెండూ 200 ఏళ్ళు దాటిన మాటలే. వీటి కట్టుబడిలో ఒక తమాషా ఉంది. బస్ డ్రైవర్, షూ మేకర్ అన్నట్టు, పని చేసేవాడి మాటని ఇంగ్లీషువాళ్ళు కూడా మామూలుగా మనలాగే చివర్లో పెడతారు. కానీ ఇక్కడ క్రియ ముందుకొచ్చి కూర్చుంది, పిక్‌పాకెట్‌లో లాగా. ఇది ఫ్రెంచి అలవాటు, 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక అక్కడ బాగా పాకింది. పైగా జాయ్ ఫ్రెంచి నుంచి వచ్చిందే, స్పోర్ట్ అక్కణ్ణుంచే, స్పాయిల్ కూడా అంతే. ఆ స్పాయిల్‌ని లాటిన్ దాకా తవ్వుకుంటూ వెళ్తే దొరికేది, జంతువు మీంచి ఒలిచిన తోలు, ఓడిన సైనికుడి ఒంటి మీంచి లాగేసుకున్న కవచం. ఆట చెడగొట్టినవాడు ఆట తోలు ఒలిచినవాడన్నమాట!

ఇక ఫ్రెంచిలో నాకు బాగా నచ్చినది రబాజ్వా. జ్వా అంటే సంతోషం, రబాత్ర్ అంటే కిందికి కొట్టడం, తగ్గించడం. ఈ రబాత్ర్ మీకు కొత్తేం కాదు, అక్టోబరు 2 వస్తే ఖాదీ దుకాణాల ముందు వేలాడే బోర్డు మీద ఉండే రిబేట్ దీని బిడ్డే, ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకి, ఇంగ్లీషు నుంచి మన బజారుకి వచ్చింది. అంటే మా పెదనాన్న నా జిలేబీ సంతోషం మీద రిబేట్ ఇచ్చారు, అదీ నూటికి నూరు శాతం. ఇంకో మాట త్రూబ్ల్‌ఫెత్, పండగని కలిచేసేవాడు. తేటగా ఉన్న నీళ్ళని కాలితో కెలికితే అడుగున బురద పైకి లేస్తుంది చూడండి, ఆ కలచడమే త్రూబ్ల్, ఇంగ్లీషు ట్రబుల్ కూడా అదే.

అసలు సంతోషాన్ని మంటగా చూసిన మాటలు వేరే ఉన్నాయి. ఇంగ్లీషులో వెట్ బ్లాంకెట్, తడి దుప్పటి. గ్యాస్ పొయ్యి దగ్గర మంట లేస్తే తడి గోనెసంచి కప్పమంటారే, అదే పని అప్పట్లో తడి దుప్పటి చేసేది. నిజానికి ఇల్లు కాపాడిన వస్తువు, పాపం, తిట్టయిపోయింది. మనం ఉత్సాహం మీద నీళ్ళు చల్లాడంటాం, వాళ్ళు ఏకంగా దుప్పటే కప్పేశారు. ఫ్రెంచివాళ్ళు ఇంకొంచెం నాజూకు, ఎతెన్వార్ అంటారు, కొవ్వొత్తి మీద పెట్టి ఆర్పే చిన్న లోహపు టోపీ అది, నలుగురూ నవ్వుతున్నచోట మొహం ముడుచుకు కూర్చునేవాణ్ణి కూడా అలాగే పిలిచారు. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే ప్రాంతమైన ఇప్పటి క్విబెక్‌లో 1840లలో బడి పన్ను కట్టేది లేదని రైతులు తిరగబడ్డారు, కొన్నిచోట్ల బడులు తగలబెట్టారు, ఆ గొడవకి "ఎతెన్వార్ల యుద్ధం" అని పేరు పడింది. నిప్పు పెట్టినవాళ్ళకి ఆర్పేవాళ్ళని పేరు!

అమెరికా వాళ్ళ పార్టీ పూపర్, బజ్‌కిల్ నిన్నమొన్నటి మాటలు, వాటిలో తవ్వడానికి పెద్దగా ఏమీ లేదు. డెబీ డౌనర్ మాత్రం చెప్పుకోవాలి. 2004లో సాటర్‌డే నైట్ లైవ్ అనే టీవీ కార్యక్రమంలో రేచల్ డ్రాచ్ వేసిన పాత్ర అది. కుటుంబమంతా డిస్నీ వరల్డ్‌కి సరదాగా వస్తే, ఎవరో స్టేక్, అంటే గొడ్డుమాంసం ముక్క, తెమ్మనగానే ఈవిడ మ్యాడ్ కౌ జబ్బు గురించి ఎత్తుకుంటుంది. తోటి నటులు నవ్వు ఆపుకోలేకపోయారు, చివరికి ఆమె కూడా. ఆ పేరు భాషలో మాటైపోయింది. మా పెదనాన్నకి అమెరికాలో ఒక చెల్లెలుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు అందరూ భయపడేది స్పాయిలర్‌కి, అదే తోలు ఒలిచే మాట, సినిమా కథ బయటపెట్టడానికి వాడుతున్నాం. క్విబెక్ వాళ్ళకి ఇంగ్లీషు మాట వాడటం సుతరామూ ఇష్టం ఉండదు, అందుకని దివుల్గేకి, అంటే బయటపెట్టడానికి, గాషేని, అంటే పాడుచేయడాన్ని, అతికించి దివుల్గాషే అన్నారు. అది 2020 పెతీ లారూస్ నిఘంటువులోకి కూడా ఎక్కింది. ఆ గాషే అసలు తాపీమేస్త్రీల మాట, ప్లాస్టర్‌లో నీళ్ళు పోసి కలపడం.

రేపు శుక్రవారం కొత్త సినిమా వస్తోంది. మా పెదనాన్న మార్నింగ్ షోకి టికెట్ తెప్పించుకున్నారట. నేను సెకండ్ షోకి వెళ్ళేదాకా ఫోన్ ఆపేస్తున్నాను.