కొడాక్ గోల్డ్ 200 రివ్యూ: ఫిల్ము మంచిదే, వెలుతురు పిసినారితనమే పాడుచేస్తోంది

నమస్తే అండీ. ఇవాళ టేబుల్ మీదున్నది కొడాక్ గోల్డ్ 200, 35 ఎంఎం, 36 ఫొటోల రీలు. ముందే చెప్పేస్తున్నా, ఈ రీళ్లు ఓ షాపువాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, వీడియో పెట్టే ముందు వాళ్లకు చూపించనూ లేదు. డబ్బా మీది వివరాలు మీరు చూసే ఉంటారు, మళ్లీ చదవను.

అసలు 200 ఎందుకు? ఆ అంకె ఫిల్ము స్పీడు, అది పెరిగేకొద్దీ తక్కువ వెలుతురు చాలు. మన ఎండను లెక్కలోకి తీసుకోండి. నిటారు ఎండలో 400 ఫిల్ము వేస్తే ఎఫ్ 16 (ఎఫ్ అంటే లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) దగ్గర షట్టర్ 1/500 సెకను కావాలి. చాలా పాత కెమెరాల్లో షట్టర్ 1/500 దాటదు, అంటే ఎఫ్ 16 దగ్గరే ఇరుక్కుపోతారు. అంత చిన్న రంధ్రంతో మనిషి వెనకున్న కరెంటు తీగలూ గోడమీది పోస్టర్లూ అన్నీ స్పష్టంగా పడతాయి. అదే 200 అయితే 1/500 దగ్గర ఎఫ్ 11, షట్టర్ 1/1000 ఉంటే ఎఫ్ 8. 100 ఫిల్ముతో ఎండలో ఇంకా హాయి, కానీ సాయంత్రం అరుగు మీద కూర్చున్నవాళ్లను తీయాలంటే చెయ్యి వణుకుతుంది. పగలు ఇంట్లో కిటికీ పక్కన 200 ఫిల్ముకు ఎఫ్ 2, 1/60 దొరుకుతుంది. రాత్రి ట్యూబులైటు కింద మాత్రం 1/30, 1/15కి దిగిపోతారు. అక్కడ ఈ ఫిల్ము పనికిరాదు, ఫ్లాష్ పెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. గోల్డ్ బాగా రాలేదు, నీడలు బురదలా వచ్చాయి, గ్రెయిన్ (ఫొటోలో కనిపించే రేణువులు) ఇసకలా ఉంది అని కామెంట్లు పెడుతుంటారు. చాలాసార్లు తప్పు ఫిల్ముది కాదండీ, వెలుతురు తక్కువ ఇచ్చారు. నెగటివ్‌లో నీడ భాగం పల్చగా పడితే స్కానర్ దాన్ని బలవంతంగా పైకి లాగుతుంది. దాంతోపాటు గ్రెయిన్ పైకి వస్తుంది. ఫిల్ములోని మూడు రంగుల పొరలూ అంత తక్కువ వెలుతురులో ఒక్క తీరుగా పనిచేయవు కాబట్టి, నల్లని జుట్టు కాస్తా ఆకుపచ్చగానో మట్టిరంగుగానో తిరుగుతుంది. ఎక్కువ వెలుతురుకు మాత్రం ఈ ఫిల్ము ఓర్చుకుంటుంది. రెండు స్టాపులు తక్కువ నుంచి మూడు స్టాపులు ఎక్కువ దాకా తట్టుకుంటుందని కొడాక్ చెప్పే మాట. ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు కావడమో సగం కావడమో. తక్కువ వైపు ఆ రెండు స్టాపులను నేను నమ్ముకోను, ఎక్కువ వైపు మూడింటినీ ధైర్యంగా వాడుకోవచ్చు. తెల్లపంచె కట్టిన నల్లని మనిషిని మిట్టమధ్యాహ్నం తీసినా పంచె మడతలు నిలుస్తాయి, ముఖమూ నిలుస్తుంది. ఈ ఒక్క గుణానికే నాకు ఈ ఫిల్ము మీద ఇంత ప్రేమ.

కాబట్టి చేయాల్సింది: కెమెరాలో ఫిల్ము స్పీడు డయల్ 100 మీద పెట్టండి, ఒక స్టాపు వెలుతురు ఎక్కువ పడుతుంది. ల్యాబ్‌లో మాత్రం మామూలుగానే కడగమనండి, అంటే సి-41 అనే మామూలు కలర్ నెగటివ్ పద్ధతిలో, 37.8 డిగ్రీల డెవలపర్‌లో 3 నిమిషాల 15 సెకన్లు. కవరు మీద ‘పుల్’ అని రాయకండి, అలా రాస్తే తక్కువ సేపు కడిగి మీరిచ్చిన వెలుతురు లాభాన్ని వెనక్కి తీసేసుకుంటారు. డయల్ లేని ఆటో కెమెరాలు ఫిల్ము చుట్టిన లోహపు డబ్బీ మీది వెండిరంగు గళ్లు చూసి స్పీడు తెలుసుకుంటాయి. ఆ గళ్లమీద టేపు అంటిస్తే చాలా కెమెరాలు 100 అనుకుంటాయి, కొన్ని 25 అనుకుంటాయి. మీ కెమెరా మాన్యువల్‌లో చూసుకున్నాకే టేపు వేయండి.

కెమెరాలోని వెలుతురు మీటరు ఫ్రేమంతా చూసి చెప్పేది నమ్మకంగా లేకపోతే, దాంతో అరచేతి మీద కొలవండి. డయల్ 200 మీదే ఉంచి, మనిషి నిలబడ్డ నీడలోకే మీ అరచేతిని పట్టండి, మీ నీడ దానిమీద పడకుండా. ఇదిగో, ఎఫ్ 5.6 దగ్గర 1/500 చూపిస్తోంది. అరచేయి, మీటరు లెక్కలో ఉండే సగటు బూడిదరంగు కంటే ఒక స్టాపు వెలుతురుగా ఉంటుంది కాబట్టి 1/250 ఇవ్వాలి. ఇంకొంచెం దయ చూపించి 1/125 ఇచ్చినా నష్టం లేదు. డయల్ ముందే 100 మీద ఉంటే ఆ దయ అందులోనే ఉంది, రెండుసార్లు కలపకండి.

ఇక నాకు ఒళ్లుమండే విషయం, స్కానింగ్. పెళ్లిలో పసుపు వేడుకప్పుడు తీసిన ఫొటో తీసుకోండి. ఫ్రేమంతా పసుపూ బంతిపూలే. ల్యాబ్ స్కానర్ ఆటోలో ఉంటే, ‘ఈ ఫొటోకి పసుపు ఎక్కువైంది’ అనుకుని నీలం కలిపేస్తుంది. పెళ్లికూతురి ముఖం బూడిద పూసినట్టు వస్తుంది. గోల్డ్ కొనేదే ఆ వెచ్చని పసుపు కోసం, దాన్నే తుడిచేసి ఇస్తే ఏం లాభం? రీలు ఇచ్చేటప్పుడే అడగండి: ఆటో కలర్ ఆపాలి, కాంట్రాస్ట్ తక్కువ పెట్టాలి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలు ఇవ్వాలి. ఒకే చోట, ఒకే వెలుతురులో తీసిన పక్కపక్క ఫ్రేములు వేర్వేరు రంగుల్లో వచ్చాయంటే అది ఫిల్ము దోషం కాదు, స్కానర్‌దే.

నెగటివ్‌లు తప్పకుండా వెనక్కి తెచ్చుకుని ట్యూబులైటుకు ఎదురుగా పట్టి చూడండి. అంచున ఫిల్ము పేరూ ఫ్రేము నంబర్లూ ముదురుగా, కోసినట్టు ఉండి ఫొటోలు మాత్రం పల్చగా ఉంటే మీరు వెలుతురు తక్కువ ఇచ్చారు. అక్షరాలు కూడా వెలిసినట్టుంటే కడగడంలో తేడా వచ్చింది. ల్యాబ్‌వాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ అంచే మీ సాక్ష్యం.

మిగతా కొడాక్ ఫిల్ముల గురించి త్వరగా. కలర్‌ప్లస్ 200 చవక, పాత రకం ఫిల్ము, గ్రెయిన్ గరుకు. ఎక్టార్ 100 కొండలకీ గోపురాలకీ అద్భుతం, మన చాయ ముఖాలను మాత్రం ఎర్రబరుస్తుంది, వెలుతురు తప్పితే క్షమించదు. పోర్ట్రా 160 చర్మానికి అన్నిటికంటే మెత్తగా ఉంటుంది, కానీ ఆ ధరకు రోజూ వాడలేం. గోల్డ్‌కి గట్టి పోటీ అంటే ప్రోఇమేజ్ 100. వేడి, ఉక్క ఉండే ప్రాంతాల్లో గది ఉష్ణోగ్రతలో ఉంచినా తట్టుకునేలా చేశామని కొడాకే చెబుతుంది. పగలు మాత్రమే తీసేవాళ్లు నిశ్చింతగా అది తీసుకోవచ్చు. సాయంత్రాలు కూడా కావాలంటే గోల్డే. నా కెమెరాలో ఉండేది అదే. 120 కెమెరా (35 ఎంఎం కంటే వెడల్పు ఫిల్ము వాడేది) ఉన్నవాళ్లకు 2022 నుంచి గోల్డ్ ఆ సైజులోనూ వస్తోంది.

మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద మాత్రం ఏ రీలునీ వదలకండి, తీసిన రీలునైతే అసలే వద్దు. తీశాక నెలలోపు కడిగించండి. తీయని రీళ్లు ఫ్రిజ్‌లో, మూత బిగించిన డబ్బీలోనే ఉండాలి. బయటికి తీశాక గంటన్నర ఆగి మూత తెరవండి, లేకపోతే ఫిల్ము మీద తేమ పట్టి మచ్చలు పడతాయి. విమానం ఎక్కేవాళ్లు రీళ్లను చెక్-ఇన్ సామానులో వేయకుండా చేతి సంచిలో పెట్టుకుని, స్కానర్‌లోకి పంపకుండా చేత్తో చూడమని అడగండి. కొత్త సీటీ స్కానర్‌లోంచి ఒక్కసారి పోయినా ఫిల్ము పొగబారే ప్రమాదముంది. కొరియర్‌లో ల్యాబ్‌కి పంపేవాళ్లు సోమవారం పంపండి, శనివారం పంపితే ఆదివారమంతా మీ రీలు వేడెక్కిన గోడౌన్‌లో పడి ఉంటుంది.