పుచ్చకాయలో కోడికూర వండిన మామ్మ

అక్క: నమస్కారం అండీ. ఇవాళ మస్తానమ్మ గారి గురించి మాట్లాడుకుందాం. కర్రె మస్తానమ్మ. యూట్యూబ్‌లో పొలం గట్టున కూర్చుని వంట చేసేవారు, గుర్తుందిగా? నాతోపాటు మా తమ్ముడు కూడా ఉన్నాడు.

తమ్ముడు: నమస్తే. ముందే ఒక మాట చెప్పాలి. ఆవిడది గుడివాడ అనగానే అందరూ కృష్ణా జిల్లా గుడివాడ అనుకుంటారు. అది కాదు. గుంటూరు జిల్లాలో, తెనాలి వైపున్న చిన్న ఊరు.

అక్క: మా నాయనమ్మ కూడా మొదట పొరబడింది. తెనాలి పక్కనే అని చెప్పాక, "అయితే మన మనిషే" అంది. ఇక ఆ రోజు నుంచి సాయంత్రం కాగానే తమ్ముడి ఫోను నాయనమ్మ చేతిలోనే ఉండేది.

తమ్ముడు: ఆ ఛానల్ పేరు కంట్రీ ఫుడ్స్. 2016లో మొదలైంది. మనవడి వరసయ్యే లక్ష్మణ్, ఆయన స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి కలిసి పెట్టారు. మస్తానమ్మ గారి మొదటి వీడియో వంకాయ కూర. అప్పటికే ఆవిడకి నూరేళ్లు దాటాయి.

అక్క: సరిగ్గా ఎన్నేళ్లో ఎవరు చెప్పగలరు? ఆ రోజుల్లో పుట్టినరోజు రాసిపెట్టిందెవరు! పోయేనాటికి 107 అన్నారు.

తమ్ముడు: నాకు ఆవిడ వంట కంటే చేతులు ఎక్కువ గుర్తు అక్కా. అల్లం పొట్టు గోరుతో గీరేసేవారు. చాకుతో పనే లేదు. టమాటా తొక్కు కూడా అలాగే తీసేవారు. ముడతలు పడ్డ వేళ్లు, ఒక గోరు, అంతే. గీరిన అల్లాన్ని రోట్లో వేసి నూరుతుంటే, చూసేవాళ్లకి ఆ వాసన ఫోన్లోంచి వచ్చినట్టే ఉండేది.

అక్క: అది వీడియో కోసం నేర్చుకున్నది కాదు కదా. కట్టెల పొయ్యి ముందు ఎన్ని దశాబ్దాలు కూర్చుంటే వచ్చిన అలవాటో! చిన్నప్పుడు ఆవిడని ఒక ముస్లిం కుటుంబం పెంచుకుంది. పదకొండో ఏట పెళ్లి. 22 ఏళ్లకే భర్త పోయారు. అయిదుగురు పిల్లల్లో చివరికి మిగిలింది ఒక్క కొడుకే. వాళ్లని పెంచడానికి కూలికి వెళ్లారు. అంత బతుకు వెళ్లదీసిన మనిషి కెమెరా ముందు కూర్చుని చకచకా వండి, విస్తట్లో వడ్డించి, తింటున్నవాళ్ల మొహాలు చూసి నవ్వేవారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

తమ్ముడు: పుచ్చకాయ కోడికూర సంగతి చెప్పు.

అక్క: చెప్తా. పెద్ద పుచ్చకాయ తీసుకుని, పైన మూతలా కోసి, లోపలి గుజ్జంతా తీసేస్తారు. మసాలా పట్టించిన కోడిమాంసం ఆ గుల్లలో పెట్టి, మూత వేసి, మంట మీద ఉడికిస్తారు. ఆ వీడియోని కోటి సార్లకు పైగా చూశారు. నాయనమ్మ మాత్రం "పుచ్చకాయలో కూరేమిటే, తియ్యగా ఉండదూ?" అని ఆ పూటంతా వాదించింది. మర్నాడు మళ్లీ అదే పెట్టమంది.

తమ్ముడు: ఈమూ గుడ్డు వేపుడు చూసినప్పుడైతే పక్కింటి పిన్నిని కూడా పిలిచింది!

అక్క: 2018 డిసెంబరులో మస్తానమ్మ గారు కన్నుమూశారు. అప్పటికి ఆ ఛానల్‌కి 12 లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లు. ఏ దేశంలోనో ఉన్నవాళ్లు సొంత నాయనమ్మ పోయినట్టు బాధపడ్డారు. ఆ వార్త మేం ఇంట్లో చెప్పలేదు.

తమ్ముడు: నాయనమ్మకి అప్పుడు 82. ఎలా చెప్పాలో తెలియలేదు. రోజూ పాత వీడియోలే పెట్టేవాణ్ణి. "ఇది చూశాంగా" అన్నప్పుడల్లా, "మళ్లీ చూడు, బాగుంటుంది" అనేవాణ్ణి. నాకు లోపల ఒకటే టెన్షన్. అలా ఎండాకాలం వచ్చేసింది. ఒకరోజు వంకాయ కూర పెట్టాను. సగం దాకా చూసి, "ఈవిడ పోయిందిగా" అంది.

అక్క: తనకెప్పుడో తెలుసు.

తమ్ముడు: పిన్ని చెప్పేసిందట, డిసెంబరులోనే. మనం బాధపడతామని తను అడగలేదు. వీడియో చివరిదాకా చూసింది. మస్తానమ్మ గారు వడ్డిస్తుంటే నాయనమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత ఫోను నా చేతికిచ్చి, "రేపు ఓ పుచ్చకాయ తీసుకురా, పెద్దది" అంది.

అక్క: తెచ్చావు. పెరట్లో మూడు రాళ్లు పెట్టి పొయ్యి చేశాం. మసాలా నూరదామని నేను అల్లం, చాకు తెచ్చి కూర్చున్నాను.

తమ్ముడు: అల్లం నీ చేతిలోంచి లాక్కుంది!

అక్క: "చాకు లోపల పెట్టెయ్యవే" అని, బొటనవేలి గోరుతో గీరడం మొదలుపెట్టింది.