తాపీ వాళ్ల చేతికివ్వండి

వేదిక మీది పెద్దలకు, మేస్త్రీలకు, బిల్డర్లకు, మా కేంద్రంలో కట్టుబడి పని నేర్చుకుని సర్టిఫికెట్ల కోసం ఎదురుచూస్తున్న పిల్లలకు నమస్కారం.

ఇలాంటి రోజున అందరూ పిల్లలకే నాలుగు మంచి మాటలు చెబుతారు. నేను మాత్రం వీళ్లకు పని ఇవ్వాల్సిన మేస్త్రీలతో, బిల్డర్లతో మాట్లాడాలని వచ్చాను.

మన పాలమూరుకు కట్టుబడి పని కొత్త కాదు. ఎక్కడెక్కడి డ్యాముల్లోనో మన కూలీల చెమట ఉంది. అయినా తరాలు గడిచినా చాలామంది తట్ట దగ్గరే ఆగిపోయారు. మేస్త్రి కొడుక్కి తండ్రి నేర్పుతాడు, కూలీ కొడుక్కి ఎవరు నేర్పాలి? 1998లో హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, అదే మనం న్యాక్ అంటామే, అది వచ్చాక బడి మానేసినవాళ్లకు కూడా తాపీ పని, ప్లంబింగ్, వైరింగ్ పద్ధతిగా నేర్చుకునే దారి దొరికింది. మా కేంద్రం నడిచేదీ ఆ దారిలోనే.

ఈ బ్యాచ్‌లో ఒక కుర్రాడు ఉన్నాడు. పదో తరగతి లెక్కల్లో తప్పి చదువు మానేశాడు. గోడ మూల కలపడం నేర్పే రోజున, మూల నుంచి రెండు వైపులా లాగిన దారాల్లో ఒకదాని మీద 3 అడుగుల దగ్గర, రెండోదాని మీద 4 అడుగుల దగ్గర గుర్తు పెట్టించి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టమన్నాను. సరిగ్గా 5 అడుగులు వస్తేనే మూల లంబకోణంలో కుదిరినట్టు. వాడికి 2 అంగుళాలు ఎక్కువ వచ్చింది. మేకు పీకి కాస్త లోపలికి కొట్టాడు, మళ్లీ కొలిచాడు, మళ్లీ జరిపాడు. 5 అడుగులు వచ్చాక లేచి, "సార్, పెద్ద గదికైతే 6, 8, 10 పెట్టుకోవచ్చు కదా?" అన్నాడు. ఆ సంగతి నేను ఇంకా చెప్పనేలేదు.

ఇలాంటివాడు సైటుకు వస్తే మొదటి రోజే తట్ట అందిస్తున్నారు. "ముందు మాలు కలుపు, తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. కొన్నాళ్లు చూసి పిల్లవాడు వేరే పని వెతుక్కుంటాడు. ఆడపిల్లలకైతే ఇంకా అన్యాయం. ఆడకూలీలు లేని సైటు లేదు, తాపీ పట్టిన ఆడమనిషి మాత్రం ఎక్కడా కనిపించదు. మా అమ్మాయిలు కట్టిన గోడకు నేనే తూకపు గుండు వేసి చూశాను, రసమట్టం పెట్టి చూశాను. వంక పెట్టడానికి లేదు. సైటులో తలుపున్న టాయిలెట్ ఒకటి కట్టించండి, వాళ్లు వస్తారు.

మీ టెన్షన్ కూడా నాకు తెలుసు. గోడ వంకర పోతే పడగొట్టి కట్టే ఖర్చు మీదే. అందుకే మొదట కాంపౌండ్ గోడ ఇవ్వండి, పక్కన ఒక పాత మేస్త్రిని పెట్టండి. వరసలు సాఫీగా వస్తున్నాయని మీకే అనిపించాక లోపలి గోడలకు మార్చండి, కూలీ పెంచండి. కూలీ సంగతి ఊరికే అనడం లేదు. శిక్షణకు ఫీజు లేదు, నిజమే. కానీ ఇన్నాళ్లూ వీళ్ల సంపాదన ఇంటికి రాలేదు. కొన్ని ఇళ్లలో అప్పు చేసి గడిపారు. మొదటి నెల డబ్బు ఆలస్యమైతే పిల్లవాణ్ణి ఇంట్లోవాళ్లే వెనక్కి పిలుస్తారు.

ఇంకొక్కటి. 18 నుంచి 60 ఏళ్ల లోపు కార్మికులు, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. మీ నిర్మాణాల మీద కట్టే 1 శాతం సెస్సు వెళ్లేది ఆ బోర్డుకే. 90 రోజులు పని చేశాడని ఎవరైనా కాగితం తెస్తే సంతకానికి నాలుగుసార్లు తిప్పకండి. మీరు కట్టిన డబ్బే వాళ్లకు చేరుతుంది.

బయట బల్ల మీద ఎవరు ఏ పని నేర్చుకున్నారో రాసిన జాబితా ఉంది. పిల్లర్లు లేచి గోడలు మొదలుపెట్టాల్సిన సైటు ఉన్నవాళ్లు, వెళ్లే ముందు కనీసం ఇద్దరితో మాట్లాడి, ఎప్పుడు రావాలో, రోజుకు కూలీ ఎంతో వాళ్లకు చెప్పి వెళ్లండి.